వెలిగారం మార్చిన తోడికోడలు

అనగనగా ఓ ఊళ్ళో కామోజని ఓ కంసాలి ఉండేవాడర్రా. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. కొడుకులేమో రాజుగారి సింహాసనానికి బంగారు రేకు తొడగడానికి కోటకి పోయారు. ముసలాయనకేమో చేతులు వణుకు. మరి ఇంట్లో కుంపటి ముందు కూర్చునేదెవరు? చిన్నకోడలు పేరిందేవి. పుట్టింట్లో నాన్న పక్కన కూర్చుని నేర్చుకుందట.

పెద్దకోడలు సుందరాంబకి అదే కడుపుమంట. ఎనిమిదేళ్ళుగా ఆవిడ పెట్టిన చారు తాగి మామగారు మూతి తుడుచుకునేవాడే గానీ, బాగుందని ఒక్కనాడూ అనలేదు. మొన్న వచ్చిన పిల్ల అతుకు వేస్తే మాత్రం వేలితో తడిమి, అతుకెక్కడుందో నాకే తెలీట్లేదే తల్లీ అని మురిసిపోయేవాడు. ఆ ‘తల్లీ’ వంటింట్లోకి వినపడేది. వినపడ్డప్పుడల్లా ఇక్కడ పప్పు మాడేది.

సుందరాంబ గుమ్మం చాటున నిలబడి చూసేది. కుంపట్లో బొగ్గు, బొగ్గు మీద నిప్పు, నిప్పుకి ఊదుగొట్టం, గొట్టం ముందు బంగారం, బంగారం మీద తెల్లటి మందు. మహిమంతా ఆ మందులోనే ఉందనుకుంది. అదేంటో తెలుసా? వెలిగారం. చూస్తే పటికలాగే ఉంటుంది. చీమల మందులోనూ వేస్తారు, నోట్లో పెట్టుకునేరు!

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఓనాడు కోట నుంచి జడనాగరం వచ్చింది. అంటే జడకి పెట్టుకునే బంగారు పాము. రాణిగారి తల్లి పోతూ పోతూ ఇచ్చిందట. దాని పడగ విరిగిపోయింది. తెల్లారితే రాణిగారి కూతురి పెళ్ళి, అమ్మమ్మ నాగరం పిల్ల జడలో ఉండాల్సిందే. పనంతా పేరిందేవికే అప్పజెప్పాడు మామగారు. సుందరాంబకి ఒళ్ళు మండిపోయింది. డబ్బాలో వెలిగారం తీసి కొంగున ముడేసుకుంది. నీళ్ళు తేర్చే పటిక దంచి డబ్బాలో పోసింది.

పేరిందేవి కూర్చుంది. మందు రాసింది, కరిగి అతుకు వేసే టంకం ముక్క పెట్టింది, ఊదింది. మందు పొంగింది. పొంగింది పొంగినట్టే పెళుసుగా ఉండిపోయింది, కరగలేదు. బంగారం నల్లబడింది, టంకం ముక్క దొర్లి పక్కన పడింది. మళ్ళీ రాసింది, మళ్ళీ ఊదింది, మళ్ళీ నలుపే. ఇంకొక్కసారి ఊదితే పల్చటి పడగ కరిగి ముద్దయిపోతుంది.

కామోజు మొహం మాడిపోయింది. చేతగాని పనికి ఎందుకు ఒప్పుకున్నావన్నాడు, మీ నాన్నకి కబురు పెడతాను, వచ్చి తీసుకుపొమ్మంటానన్నాడు. పేరిందేవి తలొంచుకుని నల్లబడ్డ పడగని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

సుందరాంబ కోరుకున్నది ఇదే. తీరా జరిగాక, ఆ పిల్ల తుడుస్తున్న తీరు చూస్తూ ఊరుకోలేకపోయింది. వెళ్ళి కొంగుముడి విప్పి ముందు పెట్టింది.

“మామగారూ, డబ్బాలో ఉన్నది పటిక. మార్చింది నేను” అంది.

ముసలాయన నోరు తెరిచేలోపే పేరిందేవి ఊదుగొట్టం తీసి తోడికోడలి చేతికిచ్చింది.

“అక్కా, నువ్వు ఊదు. నేను మందు రాస్తాను.”

నల్లటి మచ్చలు గీకేసి, వెలిగారం నూరి, ఈకతో రాసింది పేరిందేవి. సుందరాంబ ఊదింది. వెలిగారం పేలాల్లా పొంగింది. మెల్లిగా అణిగి, గాజుబొట్టులా మారి బంగారాన్ని కప్పేసింది. గాలి తగలకుండా, మకిలి అంటకుండా కాస్తుందన్నమాట. అప్పుడు టంకం నీళ్ళలా కరిగి సందులోకి పరుగెత్తింది. అంతే. మహిమా లేదు, మంత్రమూ లేదు.

పెళ్ళి జరిగింది, రాణిగారు సంతోషించింది. ఆ రోజు నుంచి తోడికోడళ్ళిద్దరూ కుంపటి ముందే కూర్చునేవారు, చారు మామగారే కాచేవాడు. సుందరాంబ అసూయ మొత్తం పోయిందా అంటే, ఏమో, పేరిందేవిని మెచ్చుకుంటే కాస్త చురుక్కుమనేదట. అలా అనిపించినప్పుడు, ఏం చేశావో నాకూ చూపించవే అని అడిగేదట. మీరూ ఒకళ్ళని చూసి కుళ్ళుకోకండి, వెళ్ళి పక్కన కూర్చుని అడగండి.

కథేమో కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.