తలుపు బయటి నూకరాజు

అనగనగా ఒక రేవు. రేవు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పాటల జట్టు. ఎప్పటి మాటంటే, కుర్రాళ్ళు భుజాల దాకా జుట్టు పెంచి, వీధి దుమ్మంతా ఊడ్చే పాంట్లు తొడిగి తిరిగిన కాలం నాటి మాట. అంతకంటే గట్టిగా అడక్కండి, నాకూ తెలియదు. విన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. అదొక్కటి తెలుసు.

ఆ జట్టు పేరు ఉప్పుగాలి. వాళ్ళది హరికథ కాదు, భజన కాదు, రాక్ పాట. కరెంటు గిటార్లు, డ్రమ్ములు, ఒక కీబోర్డు. వాళ్ళు మొదలెడితే కిటికీ రెక్కలు టపటపా కొట్టుకునేవి. ముసలమ్మలు చెవులు మూసుకునేవారు. మూసుకుని అక్కడే కూర్చునేవారు!

జట్టు పెట్టినవాడు జగ్గారావు. గిటారూ అతనిదే, పెత్తనమూ అతనిదే. మంచివాడే. కాకపోతే పక్కనున్న మనిషి కంటే, విడిచిపోయిన మనిషి మీద బెంగ ఎక్కువ.

లావు తీగల గిటారు వాయించేవాడు నూకరాజు. దాన్ని బేస్ అంటారు. పొద్దున రేవులో చిరిగిన వలలు బాగుచేసేవాడు, సాయంత్రం ఆ గిటారు మెడలో వేసుకునేవాడు. మిగతావాళ్ళ పాట పైపైన ఎగురుతుంటే అతని మోత అడుగున నడిచేది. ముందుకొచ్చి నిలబడడు. గెంతడు. జుట్టు విదల్చడు. విదల్చడానికి జుట్టు కూడా లేదనుకోండి.

అతని పెళ్ళాం పైడమ్మ చేపలమ్మేది. మొదటి కచేరీకి ముందు వరసలో కూర్చుని చెవులు రిక్కించి విన్నది. ఇంటికి నడుస్తూ అడిగింది.

"అందరూ వాయించినారు. ఇందల నీదేటయ్యా?"

"అడుగునుంటాదే. ఇనబడదు."

"ఇనబడందానికి వాయించడమేల?"

నూకరాజు నవ్వి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకు జట్టు చెదిరింది. పాడే కోటేశు సినిమాల్లో పాడతానని మద్రాసు రైలెక్కాడు. డ్రమ్ములు కొట్టేవాడు నేవీలో చేరాడు. జగ్గారావు స్టేషను దాకా వెళ్ళి సాగనంపి, ఏడ్చి వచ్చాడు. మేష్టారి కూతురు సువర్ణ పాడటానికి వచ్చింది. పాట నెమ్మదించింది. నూకరాజు కూడా నెమ్మదిగా వాయించాడు. అందరూ మారారు, నూకరాజు మాత్రం ఉన్నాడు. పైడమ్మ మళ్ళీ విని మళ్ళీ అడిగింది.

"ఇందల నీదేటయ్యా?"

"అడుగునుంటాదే."

మళ్ళీ జట్టు చెదిరింది. సువర్ణ పెళ్ళయి వెళ్ళిపోయింది. జగ్గారావు మళ్ళీ ఏడ్చాడు. చర్చిలో పాడే ఏసుపాదం వచ్చాడు. పాట పరుగందుకుంది. నూకరాజు కూడా పరిగెత్తి వాయించాడు. అందరూ మారారు, నూకరాజు మాత్రం ఉన్నాడు. పైడమ్మ మూడోసారి వచ్చింది, మూడోసారీ అడిగింది. ఈసారి నూకరాజు నవ్వలేదు. తల దించుకున్నాడు.

అది జగ్గారావు కంటపడింది. "పైడమ్మా, మేం ఎప్పుడో ఒకనాడు ఆఖరి క్యాసెట్టు చేస్తాం గదా? అందులో ఆఖరి పాటకి మేమంతా చేతులు కట్టుకు కూర్చుంటాం. మీ ఆయనొక్కడే వాయిస్తాడు. అప్పుడు విను" అన్నాడు.

ఆ మాట నూకరాజు గుండెలో దాచుకున్నాడు. అతను అడిగిందేమీ లేదు. వాళ్ళు ఇచ్చింది ఆ మాటొక్కటే. ఇంటి వెనక కూర్చుని ఆ ఆఖరి పాట ఎన్నిసార్లు వాయించుకున్నాడో! పైడమ్మ వస్తే ఆపేసేవాడు. "ఇప్పుడు కాదు. క్యాసెట్టులో ఇనుకుందువుగాని" అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. జగ్గారావు వేళ్ళు బిగుసుకుపోయాయి. ఇక చాలు, ఆఖరి క్యాసెట్టు చేసి జనానికి దండం పెట్టేద్దాం అన్నాడు. మూడు జట్ల వాళ్ళకీ కబురు పెట్టాడు. అందరూ వచ్చారు. కోటేశు వచ్చాడు, సువర్ణ చంటిబిడ్డతో వచ్చింది, నేవీ అతను మీసాలతో వచ్చాడు. కౌగిలింతలు, కన్నీళ్ళు, అబ్బో!

రికార్డింగు గది ఒక పాత ధాన్యం గిడ్డంగిలో ఉంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు కొట్టారు. తలుపు తీస్తే నేరుగా వీధి. వసారా లేదు, చెట్టు లేదు. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ.

రికార్డు చేసే అతను జనాన్ని చూసి గుండె బాదుకున్నాడు. "ఒకరు బయటికి వెళ్ళకపోతే తలుపు పడదు" అన్నాడు.

ఎవరు వెళ్ళాలి? మద్రాసు నుంచి వచ్చినవాణ్ణి పొమ్మంటారా? బిడ్డతల్లిని పొమ్మంటారా? జగ్గారావు అటు చూశాడు, ఇటు చూశాడు, నూకరాజు వైపు చూశాడు.

"నూకన్నా, ఏమీ అనుకోకు. వీళ్ళంతా చుట్టాల్లా వచ్చారు. నువ్వు ఇంటోడివి. ఇంటోడు ఆఖరి బంతిలో గదా కూర్చుంటాడు! నీ పాట ఎలాగూ ఆఖరిదే. పిలుస్తాం."

"అడుగు మోత నా ఎడంచేత్తో లాగించేస్తాలే" అన్నాడు కీబోర్డు అతను.

విన్నారా? వెళ్ళిపోయినవాళ్ళందరినీ లోపల కూర్చోబెట్టి, ఒక్కనాడూ వెళ్ళిపోని మనిషిని బయటికి పంపారు! ఆ నోరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నూకరాజు "అలాగే బాబూ" అని గిటారు పట్టుకుని బయటికి వెళ్ళాడు. తలుపు పడింది.

వీధికి అవతల సోడాబండి అతను పందిరి కింద ఉన్నాడు. "ఏటి బాబూ ఎండల కూకున్నావు? నీడకి రా!" అని పిలిచాడు.

"పిలస్తారు. అక్కడికి ఇనబడదు" అన్నాడు నూకరాజు.

మరి కాసేపటికి మళ్ళీ పిలిచాడు. "పిలస్తారు" అన్నాడు.

మూడోసారి పిలిచేసరికి చెయ్యి మాత్రం ఊపాడు.

లోపల పాట మీద పాట సాగుతోంది. ఒక పాటయ్యాక "పిలుద్దామా?" అన్నారెవరో. "ఇంకొకటి కానీ" అన్నారు. ఆఖరి పాట దగ్గరికి వచ్చేసరికి కోటేశు వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. అతన్ని చూసి సువర్ణ, సువర్ణను చూసి జగ్గారావు. ఏడుస్తూనే అందరూ వాయించేశారు. నువ్వు పిలిచావనుకున్నానని వీళ్ళు, నువ్వు పిలిచావనుకున్నానని వాళ్ళు. ఎవరూ పిలవలేదు.

పొద్దు వాలాక నవ్వుకుంటూ తలుపు తీశారు. "నూకన్నా, అయిపోయిం..." అంటూ జగ్గారావు ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది.

నూకరాజు గోడకు జేరబడి కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద గుడ్డ లేదు. ఎండకు చెక్క విచ్చుతుందని తన తువ్వాలు గిటారు మీద కప్పాడు. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి లేదు. సువర్ణ చంకలో బిడ్డ ఒక్కటే ఏడ్చింది.

పైడమ్మతో నిజం చెప్పడానికి ఒక్కడికీ ధైర్యం చాలలేదు. "వాయించి వాయించి అలిసిపోయి, గాలికని బయట కూర్చున్నాడమ్మా" అన్నారు. క్యాసెట్టు అట్ట మీద నూకరాజు ఫొటో వేశారు, ఫొటోకి దండ కూడా అచ్చేశారు. జనం కళ్ళు తుడుచుకుంటూ కొన్నారు.

పెద్దకర్మ నాడు జగ్గారావు ఒక క్యాసెట్టు తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టాడు. పక్కింటి టేప్‌రికార్డరులో పెట్టి, అందరూ చుట్టూ కూర్చుని విన్నారు. మొదటి పాట సగమైనా కాలేదు. పైడమ్మ లేచి దాన్ని ఆపేసింది.

"బాబూ, ఇందల నా మొగుడు లేడు."

జగ్గారావు క్యాసెట్టు అట్ట చూపించాడు. "ఉన్నాడమ్మా. అడుగునుంటుంది గదా, వినబడదు."

"ఇన్నేళ్ళూ ఏది ఆయనదో నాకు తెలీలేదు, నిజమే. ఇది మాత్రం ఆయన లేని పాట బాబూ. అట్ట మీద బొమ్మెట్టినారు. లోపల మనిషేడి?"

జగ్గారావు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పేశాడు. పైడమ్మ తిట్టలేదు, శాపం పెట్టలేదు.

"పిలస్తామని సెప్పినారా?"

"చెప్పామమ్మా."

"పిలవలేదా?"

"లేదమ్మా."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బతికిపోయేవాణ్ణని జగ్గారావు పోయేదాకా అంటూనే ఉండేవాడట.

మర్నాడు దుకాణాల్లో ఉన్న క్యాసెట్లన్నీ వెనక్కి తెచ్చి తగలబెట్టారు. మళ్ళీ అదే గదిలో, అదే పాటలు, తలుపు బార్లా తీసి పెట్టి రికార్డు చేశారు. కాకుల అరుపు, సోడా గోలీ చప్పుడు, అన్నీ అందులో పడ్డాయి. కీబోర్డు అతని ఎడంచెయ్యి ఒళ్ళో ఉంది. అడుగు ఖాళీగానే వదిలేశారు. ఆఖరి పాటకి అందరూ చేతులు కట్టుకు కూర్చున్నారు. టేపు పాడైందనుకుని కొందరు దుకాణానికి పట్టుకెళ్ళి పోట్లాడారు కూడా.

ఆ క్యాసెట్టులో అన్నిటికంటే ముందు వినబడేది పాట కాదు. జగ్గారావు గుమ్మంలోకి వెళ్ళి, గొంతు చించుకుని పిలిచిన పిలుపు. "బయట ఎవరైనా ఉన్నారా?"

ఇప్పుడు ఆ క్యాసెట్లూ లేవు, ఆ జట్టూ లేదు. ఆ రేవు చుట్టుపక్కల మాత్రం ఏ మేళమైనా, ఏ బ్యాండైనా, చివరికి పెళ్ళిలో ఆఖరి బంతి వడ్డించేటప్పుడైనా, ఒకరు గుమ్మంలోకి వెళ్ళి అలాగే పిలుస్తారు. ఇంటి మనిషిని ఎవరైనా చిన్నచూపు చూస్తే, "నూకరాజుని ఎండలో కూకోబెట్టీకండర్రా" అని పెద్దవాళ్ళు గదమాయిస్తారు.

పిలిచిన వెంటనే ఎవరూ తలుపు వెయ్యరు. కూర్చున్న మనిషి లేచి, గడప దాటి లోపలికి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపూ ఆగుతారు. ఆ తరవాతే పాట.