చుక్కాని వదిలేసిన ప్రెసిడెంటు

లంక ఊరికి ప్రెసిడెంటుగా గెలిచినప్పటి నుంచి బాలశౌరి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ప్రమాణ స్వీకారం రోజున గోదావరి దాటి ఇవతలికి వచ్చి, ఒకప్పుడు తనకి గ్రీకూ లాటినూ నేర్పిన ఫాదర్ ఇన్నయ్యగారిని వెంటబెట్టుకుని రేవుకి చేరాడు.

"ఉపన్యాసం రాసుకున్నాను ఫాదర్. మా చుట్టుపక్కల ఏ ప్రెసిడెంటూ ఇలా మాట్లాడి ఉండడు. ఇంగ్లీషులో గవర్నమెంట్ అంటారే, దాని పుట్టుక గ్రీకులో ఉంది. కుబెర్నాన్ అంటే పడవకి చుక్కాని పట్టడం. అదే లాటిన్ వాళ్ళ నోట గుబెర్నారే అయింది. ఎలా ఉంది?"

"ఒక్క తప్పు లేదు," అన్నారు ఫాదర్. ఆయన ముఖంలోనూ గర్వమే.

పడవెక్కాక ఫాదర్ సరంగు వీర్రాజుని పిలిచారు. "ఇవాళ చుక్కాని మా వాడికియ్యి."

వీర్రాజు తటపటాయించాడు. పడవలో పాతికమంది జనం, పాలక్యాన్లు, రెండు మేకలు. అయినా ఇచ్చి పక్కనే కూర్చున్నాడు.

"చేతులకేసి చూడకండి బాబూ. నీళ్ళకేసి చూడండి. రంగు మారినకాడ ఇసక మేటుంటాది."

బాలశౌరి రెండు మేటలు తప్పించాడు. వీర్రాజు మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాడు కూడా.

అవతలి రేవులో డప్పులు మోగాయి. ఊరంతా దండలతో నిలబడి ఉంది. వీర్రాజు తాడు విసరడానికి ముందుకి వెళ్ళాడు. చుక్కాని పట్టినవాడు ఆఖరున దిగాలని లంకలో చంటిపిల్లలకైనా తెలుసు. మన ప్రెసిడెంటుగారు మాత్రం జనాన్ని తోసుకుంటూ అందరికంటే ముందు గట్టుమీదికి దూకారు. మెడలో దండ పడింది.

పట్టేవాళ్ళు లేక పడవ వెనక భాగం నీటి వడికి గిర్రున తిరిగింది. దిగబోతున్న మంగాయమ్మ నడుంలోతు నీళ్ళలో పడింది. వీర్రాజు పరుగున వెళ్ళి చుక్కాని అందుకున్నాడు. డప్పులు ఆగిపోయాయి.

ఫాదర్ అంగీ ఎగగట్టి నీళ్ళలోకి దిగారు. మంగాయమ్మని చెయ్యిపట్టి గట్టుకి చేర్చి, ఇంకొకరికి చెయ్యి అందించడానికి మళ్ళీ వెనక్కి నడిచారు.

"మీరెందుకు ఫాదర్! ఊరంతా మనకోసం చూస్తోంది, రండి."

"నీ పడవ ఇంకా ఒడ్డు చేరలేదు శౌరీ."

బాలశౌరి ముఖం మాడిపోయింది. దండ తీసి పక్కనున్న వాళ్ళ చేతిలో పెట్టి, కొత్త పంచెతోనే నీళ్ళలోకి దిగాడు. పడవెక్కి వీర్రాజు దగ్గర చుక్కాని తీసుకున్నాడు. జనం దిగారు. పాలక్యాన్లు దిగాయి. రెండో మేక మొండికేస్తే దాన్ని దింపేదాకా నీటికేసే చూస్తూ కూర్చున్నాడు.

ఆఖరున, బురదకాళ్ళతో, తలొంచుకుని దిగాడు.

ఫాదర్ అతని భుజం మీద చెయ్యివేసి ఊరివాళ్ళ వైపు తిరిగారు.

"వీడు నా శిష్యుడు," అన్నారు.