నిండు బిందె గోడ పక్క

ఎవరైనా ప్రశ్న అడిగితే మా వేదాద్రి మాస్టారు ముందు చెప్పులు వేసుకునేవారు. కూర్చుని చెప్పిన జవాబు లేచేసరికి మరిచిపోతారని ఆయన నమ్మకం. నేను బి.ఏ. చదివే రోజుల్లో, ఒక శాసనంలో కనిపించిన 'తూము' అన్న మాటకు అర్థం అడిగిన పాపానికి నన్ను ఆరు మైళ్లు నడిపించి ఒక చెరువు కట్ట మీద నిలబెట్టారు. కాళ్లు బొబ్బలెక్కాయి గానీ, యాభై ఏళ్లు దాటినా ఆ అర్థం మాత్రం మరిచిపోలేదు. సరే, అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పబోయేది ఆయన చివరి శిష్యురాలు మంజులత అడిగిన ప్రశ్న గురించి.

మంజులత పర్యాటకం మీద పరిశోధన చేసే అమ్మాయి. పాలచెలిమ కోటలోని దిగుడుబావి మీద మూడేళ్లు పనిచేసింది. బావిని లేజర్‌తో అంగుళం అంగుళం కొలిచి, పాతరోజుల్లో ఎలా ఉండేదో కంప్యూటర్‌లో కట్టింది. హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుంటే చాలు, కూలిన మంటపం లేచి నిలబడుతుంది, ఎండిన బావిలో నీళ్లు తళతళలాడతాయి, పట్టుచీరల రాణులు మెట్లు దిగుతారు. నేనూ పెట్టుకుని చూశాను. తీసేటప్పుడు ఎవరో దుప్పటి లాగేసినట్టు అనిపించింది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆమె నలభై మందికి చూపిస్తే, తరువాత అసలు బావిలోకి దిగింది నలుగురే. మిగిలినవాళ్లు పైనుంచి ఒకసారి తొంగిచూసి "ఇంతేనా" అని వెళ్లిపోయారు. కోట బాగోగులు చూసే కమిటీ పెద్ద అయితే "బొమ్మల సినిమా" అన్నాడు. సోమవారం ఆ కమిటీ కోటకే వచ్చి చూసి తేలుస్తుంది. సరేనంటే హెడ్‌సెట్లు కోటలో ఉంటాయి, కాదంటే మూడేళ్ల పని బీరువాలోకి పోతుంది. శుక్రవారం సాయంత్రం మాస్టారి ఇంటికి వచ్చి కూర్చుంది. ముఖంలో నెత్తురు లేదు.

"మాస్టారూ, పాడైపోయినదాన్ని నిండుగా చూపించడం తప్పా?" అని అడిగింది.

ఎనభై రెండేళ్ల మనిషి, చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇప్పుడు కాదు మాస్టారూ, చీకటి పడుతోంది" అని నేనే ఆపాను.

మరునాడు పొద్దున్నే ముగ్గురం బస్సెక్కి కోటకు పోయాం. టికెట్ల గది పక్కన సింగమ్మ అని ఒక ముసలావిడ ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది. డెబ్బై ఐదేళ్లుంటాయి. ఆ ఊరి కోడలు. మూడేళ్లుగా మంజులత ఆమె దగ్గర శెనక్కాయలు కొంటోంది గానీ, అంతకుమించి పలకరింపు లేదు. మాస్టారు నేరుగా ఆమె ముందుకు పోయి నిలబడ్డారు.

"ఏం సింగమ్మా, ఈ పాప మీ బావిని బాగుచేసిందంట. చూస్తావా?"

"ఇరవై ఏండ్లు దాంట్లోనుంచి నీళ్లు మోసినాను. ఇంగ చూసేదేముంది సామీ?"

"నీళ్లు కూడా ఉండాయంట."

"నీళ్లా? అయితే చూడల్ల" అని గంప మీద గుడ్డ కప్పి లేచింది.

బావి పైనున్న చదునైన అరుగు మీద నిలబెట్టి మంజులత ఆమెకు హెడ్‌సెట్ తొడిగింది. సింగమ్మ నోరు తెరిచేసింది. "అబ్బబ్బ, ఏం నీళ్లు పాపా! మా కాలంలో ఇన్ని యాడుండె?" తరువాత నవ్వడం మొదలుపెట్టింది. "ఈ రాణులేంది, చేతుల్లో బిందెలు లేవు? ఊరికే గాలికొచ్చినారా?"

నేనూ నవ్వాను. మంజులత నవ్వలేదు. చేతిలోని మీట నొక్కి, "అవ్వా, ఇప్పుడు మీరు నీళ్ల దగ్గరున్నారు. మెల్లగా మెట్లెక్కి పైకి రండి. అక్కడే నిలబడి అడుగులు వేస్తే చాలు" అంది.

సింగమ్మ అడుగు వేసింది. ఎవరూ చెప్పకుండానే ఆమె నడుము ఎడమ పక్కకు వంగింది. ఎడమ చెయ్యి, అక్కడ లేని బిందె చుట్టూ తిరిగింది. కుడి చెయ్యి చాచి గాలిలో దేనికోసమో తడిమింది. నాలుగో అడుగుకు తూలింది. మంజులత పరుగున పోయి పట్టుకుంది.

"గోడేది పాపా? గోడ యాడికి పాయె?"

"గోడ దూరంగా ఉందవ్వా. మీరు మెట్ల మధ్యలో ఉన్నారు. మధ్యనుంచి చూస్తేనే మంటపం బాగా కనిపిస్తుందని..."

"నిండు బిందె చంకనేసుకుని నడిమధ్యన ఎవురన్నా ఎక్కుతారా? పడి చచ్చిపోమూ!" అని హెడ్‌సెట్ తీసి చేతికిచ్చింది. "నిండు బిందె గోడ పక్క. ఖాళీ బిందె బయటి పక్క. ఎదురుపడితే ఖాళీ బిందె ఆగల్ల. చిన్నా పెద్దా లేదు. మా అత్త నా జన్మలో నాకు దారిచ్చిందంటే ఆ మెట్ల మీదనే."

మంజులత బావి దగ్గరకు పోయి దిగడం మొదలుపెట్టింది. నేనూ వెనకే దిగాను. మాస్టారు పైనే ఉండిపోయారు.

ఆ మెట్లకు ఒక పక్కే గోడ ఉంది. గోడ పక్కన ప్రతి మెట్టూ దొప్పలా గుంట పడింది. బయటి పక్కన మాత్రం ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి. గోడ మీద, నడుము ఎత్తున, కింది నుంచి పైదాకా ఒక నల్లటి చార, నూనె పూసినట్టు నున్నగా ఉంది. మంజులత దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఈ గుంటలు నాకు తెలుసు సార్" అంది నాతో. "ప్రతిదాని లోతూ కొలిచాను. వాన నీటి కోత అని రాశాను. కంప్యూటర్‌లో అన్నీ పూడ్చేశాను. ఈ చార మరక అనుకుని తుడిచేశాను." అరచెయ్యి తీసి చూసుకుంది. "అదంతా చెయ్యడానికి ఏడు నెలలు పట్టింది."

పైకి వచ్చాక సింగమ్మ ముందు కూలబడి, "రాణులను తీసేస్తానవ్వా" అంది.

"ఎందుకు పాపా, చూసేదానికి బాగుండారు. ఉండనీ. తలా ఒక బిందె ఇయ్యి" అని దోసెడు శెనక్కాయలు ఆమె ఒడిలో పోసింది.

ఆదివారమంతా మంజులత కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. పూడ్చిన గుంటలను మొదట కొలిచిన కొలతల ప్రకారం తిరిగి తవ్వింది. చారను తిరిగి గోడ మీదికి తెచ్చింది. చూసేవాళ్లను మెట్ల నడుమ నుంచి గోడ పక్కకు జరిపింది. మంటపం రంగులు అలాగే ఉంచింది, వాటికి ఆధారాలున్నాయి. రాణులకు తలా ఒక బిందె ఇచ్చింది. ముందురోజే ఫోనులో పట్టుకొచ్చిన సింగమ్మ గొంతును అందులో కలిపింది.

సోమవారం కమిటీ పెద్ద హెడ్‌సెట్ పెట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. ఆ నాలుగు నిమిషాలూ మంజులత నా వైపు గానీ మాస్టారి వైపు గానీ చూడలేదు. ఆయన హెడ్‌సెట్ తీశాడు. "ఆ గోడ ఎక్కడుంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బావిలోకి దిగాడు. పైనుంచి చూస్తూనే ఉన్నాం. సగం దూరంలో, కింద ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు మట్టి తట్టలతో ఎదురొచ్చారు. ఆ పెద్దమనిషి, ఎవరూ చెప్పకుండానే, బయటి పక్కకు జరిగి నిలబడి వాళ్లను పోనిచ్చాడు. తిరిగి వచ్చి, అరచేతికంటిన నల్లటి దుమ్ము తుడుచుకోకుండానే కాగితం మీద సంతకం పెట్టాడు.

బస్సులో మంజులత ముఖం మళ్లీ ముడుచుకుంది. కాసేపటికి వెనక సీటు నుంచి ముందుకు వంగి అడిగింది. "మాస్టారూ, రేపటి నుంచి జనం నిజంగానే దిగుతారేమో. రోజూ వందమంది గోడ పక్కనే నడిస్తే ఆ మెట్లు ఇంకా అరిగిపోవూ?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అరగనీ అమ్మా" అన్నారు. "ఊళ్లోకి కుళాయిలు వచ్చిన దగ్గర్నుంచి నలభై ఏళ్లు అరగకుండా ఉండిపోయాయి."