కాడి పెద్దకే ఉలవగుగ్గిళ్లు

ఈ కథ మొదట చెప్పింది మా పెద్దమ్మ సింహాచలం. ఇంకెవరి నోట విన్నా అది అరువు కథే.

ఏనుగు ఆసామిగా ఉన్న చెరుకు గానుగకి పోలయ్య అనే ముసలి ఎద్దు కాడి పెద్ద. అతని కింద దున్నలూ గాడిదలూ పని. మధ్యాహ్నం తిండి మాత్రం నక్క చేతిలో ఉండేది. బెల్లం పెనం మీద తేలే తియ్యటి తెట్టుని ముద్దలు చేసి అందరికీ పెట్టేవాడు. పనివాళ్ల వంతుకని ఆసామి ఇచ్చిన ఉలవలు పట్టుకుపోయి, వాటికి బదులు కోళ్లు తెచ్చుకునేవాడు.

ముద్దలు మింగినవాళ్లు కడుపులుబ్బి, కాడి కిందే కునికేవాళ్లు. గానుగది నత్తనడక.

"పోలయ్యా, ఈ పొద్దు కూడా ఇంతేనా? రేపూ ఇలాగే ఉంటే నిన్ను సంతకి తోలేస్తా" అన్నాడు ఏనుగు.

పోలయ్య పనివాళ్లని పిలిచాడు. "ఒరేయ్, ఆ తెట్టు మానండి. ఉలవలు తినండి."

"నీకు నాలిక చచ్చిందని మాకూ పథ్యమా తాతా?" అన్నాడు గంగులు దున్న.

నక్క పళ్లికిలించాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదకు పెద్దయ్యా. పోయి సంతకి కొమ్ములు నూరుకో."

ఆ నవ్వుని పోలయ్య మూట కట్టుకున్నాడు.

మర్నాడు తన వంతు ఉలవలు నక్కకివ్వకుండా గానుగ పక్కనే ఉడకేశాడు. కమ్మటి వాసన లేచింది. గంగులు మూతి చాపాడు.

"ముట్టుకోకు. ఇవి కాడి పెద్దకే."

"ఏం, మా మెడలు మెడలు కావా?"

"మీ మెడలకి తెట్టు చాలు."

గంగులు తన ముద్దని డెక్కతో తన్నేశాడు. గాడిదలూ "తినం" అని భీష్మించుకున్నాయి. పోలయ్యని పడగొట్టడానికి ఇదే అదను అనుకుని నక్క ఏనుగు దగ్గరికి పరిగెత్తాడు.

"ఆసామీ, పని అందరిదీ, గుగ్గిళ్లు ఒక్కడివా? పెడితే అందరికీ పెట్టాలి."

"న్యాయమే. నేనిచ్చే ఉలవలన్నీ ఇక నువ్వే ఉడికించి పెట్టు. ఈ పూట నుంచే."

నక్క నసిగాడు. "అంటే... వాళ్లకి తెట్టంటేనే ప్రాణమండీ..."

"ఇప్పుడే కదయ్యా న్యాయం అడిగావు?"

ఆ సాయంత్రం ఒక్కడూ కునకలేదు. గానుగ గిర్రున తిరిగింది, రసం కుండలు పొర్లాయి.

"సంత మాట మరిచిపో పోలయ్యా" అన్నాడు ఏనుగు.

"నేను మరవను ఆసామీ" అని, పోలయ్య పొయ్యి దగ్గరికి నడిచాడు. పొగకి కళ్లు నులుముకుంటున్న నక్క ముందు నాలుగు గుగ్గిళ్లు నమిలి చూశాడు. "ఉప్పు చాల్లేదు. మళ్లీ వెయ్యి."

తినమంటే తిననివాడు, నీకు కాదంటే లాక్కుని తింటాడు.

గానుగలో గుగ్గిళ్లు పెట్టించింది తానేనని నక్క ఇప్పటికీ ఊరూరా చెప్పుకుంటున్నాడట. రాత వచ్చినవాళ్లెవరైనా నక్క పేరు కొట్టేసి పోలయ్య పేరు పెట్టి సరిచెయ్యండి.