దాల్చినచెక్క ముడుచుకున్న రోజు

ఒకప్పుడు దాల్చినచెక్క చదునుగా ఉండేది. చెట్టు నుంచి ఒలిచి ఎండలో వేస్తే హాయిగా వెల్లకిలా పడుకునేది. భయమంటే ఏమిటో దానికి తెలియదు.

ఆ రోజుల్లో ఒక కొండవాలులో సోమిలి అనే ముసలమ్మ, ఆమె మనవరాలు సుక్రి ఉండేవారు. సుక్రికి జ్వరం వచ్చింది. జ్వరమైతే దిగింది గానీ ఆకలి తిరిగి రాలేదు. మూడు రోజులుగా పిల్ల పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఈ పూట కూడా తినకపోతే పిల్ల దక్కదేమోనని సోమిలికి భయం పట్టుకుంది.

ఇంట్లో చోడిపిండితో, అదే రాగిపిండితో, కాచిన అంబలి ఉంది. అందులో పోయడానికి పాలు లేవు. ఆవు ఇచ్చే కాసిని పాలూ బక్కదూడకే చాలడం లేదు. తేనె తెద్దామంటే తేనెటీగలు కొండ దాటి పోయాయి. అందుకని సోమిలి అనాసపండు ముక్కలు కోసి, బెల్లం, అల్లం, చితక్కొట్టిన నాలుగు మిరియాలు చట్టిలో వేసి పొయ్యి మీద పెట్టింది. ముక్కలు మెత్తబడ్డాయి. పాకం చిక్కబడింది. సుక్రి మాత్రం కళ్లు తెరవలేదు.

తన రుచి నాలుక మీద పడితేగానీ తెలియదని అనాసపండు చట్టిలోంచి చెప్పింది. నోరు తెరవని పిల్ల దగ్గరికి వాసనే నడిచి వెళ్లాలి, అంత వాసన దాల్చినచెట్టు బెరడుకే ఉంది అంది.

సోమిలి కత్తి పట్టుకుని పరుగెత్తింది. చెట్టును అడిగి ఒక చెక్క ఒలిచింది. తెచ్చి గుమ్మం ముందు బండ మీద ఎండబెట్టింది.

బండ మీద నుంచి చెక్కకు పొయ్యి కనిపించింది. నిప్పు నాలుక చాచి కట్టెను నాకుతోంది.

ఆ కట్టె ఏమవుతుందని చెక్క అడిగింది. బూడిదవుతుందని సోమిలి చెప్పింది.

"నన్నూ అందులో వేస్తావా?"

"మంటలో వెయ్యను. మరిగే చట్టిలో వేస్తాను."

"నొప్పి పుడుతుందా?"

సోమిలికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాకు తెలియదమ్మా. నాకూ భయంగానే ఉంది," అంది.

చెక్క వణికిపోయింది. రెండు అంచులూ లోపలికి లాక్కుని, తనను తానే వాటేసుకుంది. సోమిలి బలవంతం చేయలేదు. పక్కనే కూర్చుంది.

లోపల సుక్రి ఒక ఊపిరి తీసింది. రెండోది ఎంతకీ రాలేదు. సోమిలి కదల్లేకపోయింది. చెక్క కూడా చెవి ఒగ్గి వింది. చాలాసేపటికి, సన్నగా, రెండో ఊపిరి వచ్చింది.

"త్వరగా వేసెయ్," అంది చెక్క. "నేను చూడను."

ఇంకా గట్టిగా చుట్టుకుపోయింది. సోమిలి దాన్ని చట్టిలోకి జారవిడిచింది. పాకం కుతకుతలాడింది. చుట్ట రెండు చివరల నుంచీ వాసన బయటికొచ్చి గుడిసంతా నిండింది.

సుక్రి ముక్కు కదిలింది. "అవ్వా, ఏమిటది?"

సోమిలి అంబలి మీద ఆ అనాసపండు పాకం వేసి నోటికి అందించింది. పిల్ల ఒక ముద్ద తింది. ఆగి, ఇంకోటి అడిగింది.

అప్పుడు సోమిలి చెక్కను బయటికి తీసి, అయిపోయిందని, ఇక విప్పుకోమని చెప్పింది. చెక్క విప్పుకుందామనే చూసింది. కానీ ఎదురుగా నిప్పు ఇంకా మండుతూనే ఉంది.

అప్పటినుంచే దాల్చినచెక్క ఎండ తగిలితే లోపలికి చుట్టుకుంటుంది. ఎంతసేపు మరిగించినా ఆ చుట్ట విప్పదు. వాసన మాత్రం దానికి చెప్పకుండానే బయటికొచ్చేస్తుంది.