సింహాచలం కట్టిన అంటు

ఎవరేం అడిగినా సూరన్న మేస్త్రి ముందు చేతులతో జవాబిచ్చేవారు, నోరు ఆ తర్వాతే. గోదారి ఒడ్డున ఆయన మొక్కలతోటలో పని నేర్చుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. లోవలక్ష్మికీ తెలుసు. అయినా ఆవేళ అడగకుండా ఉండలేకపోయింది. ఆమెకు నెల తప్పింది. దడకీ దిగులుకీ ఎప్పట్నుంచో వేసుకుంటున్న మాత్రను, బిడ్డకు చెరుపని పక్కింటావిడ అనగానే మానేసింది. అప్పట్నుంచి కంటికి కునుకు లేదు. అంటు కడదామంటే ముడి నిలవక దారం జారిపోతోంది.

"బిడ్డ కోసమే కదండీ మానేశాను. మంచి పనే చేశానా, మేస్త్రిగారూ?"

సూరన్న కత్తి తీసుకుని మామిడిచెట్టు దగ్గరికి నడిచారు. కుండీలోని చిన్న మొక్కను తల్లిచెట్టు కొమ్మతో కలిపి, తోటలో పనిచేసే సింహాచలం కట్టిన అంటు ఒకటి అక్కడుంది. దాన్ని తల్లి నుంచి వేరు చేయడానికి కొమ్మ మీద కత్తి ఆనించారు.

"ఆగండాగండి!" లోవలక్ష్మి కేకేసింది. "అది సింహాచలం కట్టిన అంటండీ. ఎంతవరకు పట్టిందో అతనికే తెలుస్తుంది. పెళ్లికెళ్లాడు, రానివ్వండి."

"పట్టేసిందిలే. పక్కతోట వాళ్లు కూడా కోసెయ్యమన్నారు."

"మన కట్టు సంగతి పక్కతోటోళ్లకేం తెలుసండీ! అయినా ఒక్క వేటుకి కోసేస్తారా ఎవరైనా? ముందు సగం గాటు పెట్టాలి, మొక్క తట్టుకుందో లేదో చూడాలి, ఆనక కదా మిగతాది? మీరు నేర్పిందేగా!"

అనేసి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. చెయ్యి దానంతటదే కడుపు మీదికి వెళ్లింది.

సూరన్న కత్తి మడిచారు. "ఆ మాత్ర రాసిన డాక్టరమ్మ ఊళ్లోనే ఉందా, ఆవిడా పెళ్లికెళ్లిందా?"

లోవలక్ష్మి ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లింది. చెప్పకుండా మానేసినందుకు డాక్టరమ్మ ముందు చీవాట్లు పెట్టింది. తర్వాత కూర్చోబెట్టి అంతా వివరంగా అడిగి, పరీక్ష చేసి, బిడ్డ బాగానే ఉందని చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు సరిపడే మాత్ర రాసి, అడక్కుండా మానొద్దనీ, పెంచొద్దనీ, దడ పుడితే తన దగ్గరికే రమ్మనీ చెప్పింది.

మెల్లమెల్లగా నిద్ర పట్టింది. దడ పూర్తిగా పోలేదు గానీ, వచ్చినప్పుడు ఎక్కడికెళ్లాలో ఇప్పుడు తెలుసు. సింహాచలం తిరిగొచ్చి తన అంటుకు సగం గాటు పెట్టిన రోజున, పక్కనే కూర్చుని ఆమె కొత్త అంటుకు దారం బిగిస్తోంది.

"మాత్ర వేసుకోవచ్చని మీకు ముందే తెలుసాండీ, మేస్త్రిగారూ?"

"నాకెలా తెలుస్తుందమ్మా," అన్నారు సూరన్న, ఆమె వేసిన ముడిని వేలితో నొక్కి చూస్తూ. "అది నేను కట్టిన అంటు కాదుగా."