కాగితం కింది ఇటుక

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. సాలూరులో పంతుళ్ళకే పాఠాలు చెప్పిన విశ్వపతి మాస్టారు సుద్దముక్క పట్టుకుంటే నల్లబల్ల తనంతట తనే శుభ్రపడేది! అంతటివారూ శిష్యులు ప్రశ్న అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కారు. సంచిలోంచి ఏదో ఒకటి బయటికి తీసేవారు.

ఒక సాయంత్రం, కొత్తగా మూడో తరగతి చేపట్టిన హైమావతి వచ్చి అడిగింది. "మాస్టారూ, తెలియని అంకెని పిల్లలకి ఎలా చూపించాలి? రెండుకి ఎంత కలిపితే ఎనిమిదికి సమానం అని బల్ల మీద రాస్తే, మా నూకరత్నం పది అంటుంది. ఎన్నిసార్లు చెప్పినా పదే. దాన్ని రెండో తరగతికి దింపేద్దామంటున్నారు హెడ్మాస్టారు. రేపు పొద్దున్న నేను ఊఁ అంటే అయిపోతుంది."

మాస్టారు బడి వరండాలో ఆడుకుంటున్న ఆ పిల్లనే పిలిచి, సంచిలోని బొడిపెల ప్లాస్టిక్ ఆట ఇటుకలు గచ్చు మీద కుమ్మరించారు. ఆ చప్పుడుకి పక్క వీధిలో ఎడ్లు ఆగిపోయాయంటారు గానీ, అది తక్కువ చేసి చెప్పడమే. ఎనిమిది బొడిపెలున్న పొడుగు ఇటుక ఒకటి పెట్టారు. దాని పక్కనే రెండు బొడిపెల ఇటుక, దానికి ఆనించి కాగితం చుట్టిన ఇంకో ఇటుక. రెండు వరుసల కొసలూ సరిగ్గా కలిశాయి.

"కాగితం కింద ఎన్ని బొడిపెలే?"

నూకరత్నం ముందుకి వంగింది. వేలితో ఈ వరుసా ఆ వరుసా తడుముతోంది. హైమావతికి ఉండబట్టలేదు. కాగితం తీసి చూపించబోయింది. పిల్ల చటాలున అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"తియ్యకండి టీచర్! తీసేస్తే ఇంక నాను చెప్పడానికేటుంటాది? ఆరు!"

సమానం గుర్తు కనబడితే ఉన్నవన్నీ కలిపెయ్యాలని ఇన్నాళ్ళూ ఈ పిల్ల అనుకుందని హైమావతికి అప్పుడు తట్టింది. రెండు పక్కలూ ఒకటే అని తను ఒక్కనాడూ చూపించలేదు.

నూకరత్నం అక్కడితో ఊరుకుంటేనా! ఒకే కొలత ఇటుకలు నాలుగు ఏరి, కాగితాలు చుట్టింది. ఒక వరుసలో మూడు మూసినవీ, ఒక్క బొడిపె ముక్కా. పక్క వరుసలో ఒకటే మూసినది, ఏడు బొడిపెలు. కొసలు కలిపి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి టీచర్. తొంగి చూడకూడదు."

హైమావతి నుదురు ముడిపడింది. పెదవులు కదుపుతూ రెండు వరుసలూ లెక్కపెడుతోంది. మాస్టారు వంగి ఒక కాగితం అంచు పట్టుకున్నారు. "విప్పి చూపించెయ్యనా అమ్మాయ్?"

"వద్దు మాస్టారూ, ఒక్క క్షణం! వచ్చేస్తోంది... మూడు! మూడేనా రత్నం?"

"మూడే," అంది పిల్ల, పరీక్ష పాసు చేసినంత దర్జాగా.

మాస్టారు కాగితం వదిలేశారు. "నువ్వడిగిన ఆ ఒక్క క్షణం," అన్నారు, "రేపు హెడ్మాస్టారిని ఎవరి కోసం అడుగుతావో చూస్తాను."

ఇందులో అక్షరం అబద్ధమున్నా, చీపురు చేతిలోనే మరిచిపోయి గుమ్మంలో నిలబడి అంతా చూసిన ఆ బడి ఆయా ఉంది, అడిగి రండి. పేరు మజ్జి సింహాచలమ్మ.